డబ్బింగు కళయు నేకస్వామ్యమును : అనిమే ఆంగ్లపాఠముల విమర్శ

ఒక గ్రంథము భాషాంతరము నొందినప్పుడు భాషాంతరకర్త యెవరు, ఏ ప్రతి ననుసరించెను, ఎవరి పోషణమున వ్రాసెను అను ప్రశ్నలను విమర్శకుడు తప్పక వేయును. ఆంధ్ర మహాభారతమును గూర్చి వ్రాయువా రెవ్వరును రాజరాజనరేంద్రుని పేరెత్తక ముందునకు సాగరు. పోషకుడు కావ్యమునకు బాహ్యుడే యైనను, కావ్య మేర్పడిన తీరునం దాతని జాడ యుండును. చలనచిత్రముల డబ్బింగు విషయమున మాత్రము ఈ ప్రశ్నలు వేయువా రరుదు. పెదవుల కదలికకు మాటలు సరిపడినవా లేదా అను నొక్క పరీక్షతోనే విమర్శ ముగియుచున్నది. జపాను దేశపు అనిమే చిత్రముల ఆంగ్లపు డబ్బింగు చరిత్ర నుదాహరణముగా గైకొని, పోషకుల సంఖ్య తగ్గుటయు, వ్యయమును తగ్గించుటయు పాఠము నెట్లు మార్చుచున్నవో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

మొదట డబ్బింగు స్వరూపమును నిర్ణయించుకొనవలయును. తెలుగువారి కీ కళ క్రొత్తది కాదు. 1950లో వెలువడిన ‘ఆహుతి’ తెలుగున తొలి డబ్బింగు చిత్రముగా ప్రసిద్ధము. దాని రచన శ్రీశ్రీది. నాటినుండియు ఈ రచనకు రెండు నియమములు కలవు. మొదటిది కాలనియమము : బొమ్మపై నోరు కదలునంతసేపే మాట సాగవలయును. రెండవది స్థాననియమము : పెదవులు మూసినచోట పవర్గాక్షరములు పడవలయును. ఛందస్సున గణములు, యతియు పద్యకవిని బంధించునట్లే, ఇవి డబ్బింగు రచయితను బంధించును. అనిమేలో సాధారణముగా నోటిని మూసినట్లు, సగము తెరచినట్లు, పూర్తిగా తెరచినట్లు కొలది ఆకారములలోనే గీయుదురు. అందుచే రెండవ నియమము కొంత సడలును. మొదటిది మాత్రము సడలదు.

ఈ నియమములు పాటించినంతమాత్రమున పాఠము జీవించునా యనిన, జీవింపదు. మన యాలంకారికులు కాకువును గూర్చి చెప్పియున్నారు. ఒకే వాక్యము కంఠధ్వని భేదముచే ప్రశ్నగా, నిషేధముగా, ఎత్తిపొడుపుగా మారును. మమ్మటుడు గుణీభూతవ్యంగ్య భేదములలో కాక్వాక్షిప్తమును ప్రత్యేకముగా లెక్కించెను. పుటపై కావ్యమును చదువునప్పుడు కాకువును పాఠకుడు ఊహించుకొనును. డబ్బింగున దానిని గాత్రధారి నిర్ణయించును. కావున డబ్బింగు పాఠమునకు కర్తలు పెక్కురు : మూలము ననువదించినవారు, దానిని నోటి కదలికకు కుదించినవారు, దర్శకులు, గాత్రధారులు. జపానులో గాత్రధారులు పలువు రొకచోట నిలిచి పరస్పరము వినుచు పలుకుట సంప్రదాయము. అమెరికాలో ఒక్కొక్కరును ఒంటరిగా గదిలో నిలిచి, తక్కినవారి పలుకులు లేకయే, తమ భాగమును పలుకుట వాడుక. ఎదుటివాని స్వరము వినబడనిచోట కాకువును నిలుపువాడు దర్శకు డొక్కడే. అతనికి వ్యవధి తగ్గినయెడల మొదట నశించునది కాకువే. వ్యయము తగ్గింపును కేవలము వాణిజ్య విషయముగా త్రోసిపుచ్చరాదనుటకు ఇదియే కారణము.

ఇక చరిత్ర. అమెరికాలో 1990వ దశకమున అనిమే పంపిణీ పలువురి చేతులలో నుండెను. న్యూయార్కున సెంట్రల్ పార్క్ మీడియా, హ్యూస్టనులో 1992లో స్థాపితమైన ఏ.డి.వి. ఫిల్మ్స్, 1994లో స్థాపితమై టెక్సాసులో పనిచేసిన ఫ్యునిమేషన్ మొదలగునవి తమతమ అభిరుచుల కొలది చిత్రములను కొని ఆంగ్లమున వినిపించినవి. ‘డ్రాగన్ బాల్ జీ’ ఆంగ్లపాఠము 1996లో కెనడాలోని వాంకూవరు గాత్రధారులతో ఆరంభమయ్యెను. తరువాతి భాగములను ఫ్యునిమేషన్ 1999 నుండి టెక్సాసులోని తన స్వంత గాత్రధారులతో వ్యయము తగ్గునట్లుగా నిర్మించెను. అంతవరకు విన్న స్వరములు ఒక్కమారుగా మారుటచే ప్రేక్షకులు కొందరు నొచ్చుకొనిరి. కాని క్రమముగా ఆ టెక్సాసు గొంతులే అమెరికా ప్రేక్షకులలో నొక తరమువారికి ఆ పాత్రల నిజస్వరములుగా నిలిచినవి. పొదుపు సహజముగా కళకు శత్రువు కాదని దీనివలన తేలుచున్నది. తక్కువ ధనముతో పనిచేసినవారు ఒకేచోట, ఒకే బృందముగా, ఏండ్ల తరబడి ఆ పాత్రలతో కలిసి పెరిగిరి. పొదుపు అభ్యాసమునకు తావిచ్చినచోట కళ వృద్ధి నొందెను.

తరువాతి ఘట్టము క్షయము. డిస్కుల విక్రయము తగ్గుటయు, అనధికార ప్రతుల వ్యాప్తియు నీ సంస్థలను క్రుంగదీసినవి. జెనియన్ సంస్థ యొక్క అమెరికా శాఖ 2007లో పంపిణీని నిలిపివేసెను. 2009లో సెంట్రల్ పార్క్ మీడియా దివాలా తీసెను; ఏ.డి.వి. ఫిల్మ్స్ అదే యేట మూతపడెను. 2012లో బాందాయ్ ఎంటర్‌టైన్‌మెంట్ క్రొత్త విడుదలలను మానుకొనెను. ఇది లేమిచే గలిగిన సంకోచము.

2017 తరువాత జరిగినది అట్టిది కాదు. ఆ యేట సోనీ పిక్చర్స్ టెలివిజన్ 14 కోట్ల 30 లక్షల డాలర్లకు ఫ్యునిమేషనులో 95 శాతము భాగమును కొనెను. 2006లో పుట్టిన క్రంచీరోల్‌ను 117 కోట్ల 50 లక్షల డాలర్లకు ఫ్యునిమేషన్ ద్వారా ఏ.టి. అండ్ టి. నుండి కొనుట 2021 ఆగస్టున పూర్తి యయ్యెను. 2022లో రైట్ స్టఫ్ అను ప్రసిద్ధ విక్రయశాలయు నిదే గూటికి చేరెను. మరుసటి యేట దాని ప్రత్యేక దుకాణము మూతపడెను. 2024 ఏప్రిలులో ఫ్యునిమేషన్ సేవయే నిలిచిపోయెను. ఈ కాలమున క్రంచీరోల్ చందాదారులు 2021లో 50 లక్షలుండగా, 2024 నాటికి కోటిన్నర దాటిరి. జపానీయ అనిమేషన్ సంఘపు లెక్కల ప్రకారము 2023లో అనిమే మొత్తపు విపణి 3 లక్షల 30 వేల కోట్ల యెన్‌లను మించెను. అందు సగమునకు పైగా విదేశములనుండి వచ్చినదే. అనగా పూర్వపు సంకోచము కరవునాటి పస్తు. ఇప్పటిది పంటనాటి పస్తు. ఈ భేదమును విస్మరించి రెండింటిని ఒక్క గాట కట్టుట విమర్శకు తగదు.

ఇప్పుడు పాఠముపై దీని ఫలమును చూతము. తొలి ఫలము గాత్రధారికి సంబంధించినది. ‘జుజుత్సు కైసెన్ 0’ చిత్రము 2022లో అమెరికా ప్రాంతమున 3 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేయగా, అందు ముఖ్యపాత్రకు ఆంగ్లమున గొంతు నిచ్చిన నటి తనకు లభించినది 150 డాలర్లని బహిరంగముగా తెలిపిరి. అదే యేట ‘మాబ్ సైకో 100’ మూడవ భాగమున నాయకుని స్వరము మారెను. తొలి రెండు భాగములలో ఆ పాత్రను పోషించిన కైల్ మెకార్లీ, భావికాలపు ఒప్పందములను గూర్చి నటుల సంఘముతో సంస్థ మాటలాడవలయునని మాత్రమే కోరెను. సంస్థ యందుల కంగీకరింపలేదు. ఇందు కార్మికన్యాయ మొక విషయము, కావ్యన్యాయము మరియొకటి. భావములను లోన నణచుకొను బాలుడు క్రమముగా వానిని వెల్లడించుట ఆ కథకు ప్రాణము. ఆ పరిణామము మూడు భాగములలో నొక్క గొంతు లోపల జరుగవలసినది. గొంతు మారినచో, క్రొత్త నటు డెంత సమర్థుడైనను, శ్రోత వినునది పరిణామము కాదు, మార్పు. పోషకులు పలువు రున్ననాడు ఒకచోట పొసగనివాడు వేరొకచోటి కేగును. ఒక్కడే మిగిలిననాడు ఏగుటకు చోటేది?

రెండవ ఫలము పాఠరక్షణకు సంబంధించినది. పూర్వ మొక కావ్యమునకు ప్రతులు పలుతావుల నుండుటచేతనే సి.పి. బ్రౌను పండితులను నియమించి పాఠములను సరిచూపింపగలిగెను. ఒకచోట చెదలు తినినది మరియొకచోట దొరకెను. ఫ్యునిమేషన్ సేవ నిలిచినప్పుడు, డిస్కులతోపాటు కొనుగోలుదారులకు లభించిన డిజిటల్ ప్రతులు క్రొత్త సేవలోనికి బదిలీ కాలేదు. ఏకప్రతియైన గ్రంథము దాని యజమాని దయపై జీవించును.

పాఠాంతరముల విలువకు ‘నియాన్ జెనిసిస్ ఇవాంజెలియన్’ మంచి యుదాహరణము. 1995-96లో జపానులో ప్రసారమైన ఈ ధారావాహికకు ఏ.డి.వి. వారు 1990వ దశకముననే ఆంగ్లపాఠము నేర్పరచిరి. 2019లో నెట్‌ఫ్లిక్స్ క్రొత్త అనువాదముతో, క్రొత్త గాత్రములతో దానిని మరల వెలువరించెను. పాతపాఠ మందు లేకపోయెను. ఇరువదినాలుగవ భాగమున కవోరు తన మిత్రునితో చెప్పు ‘సుకి’ యను మాటను పాతపాఠము ‘ప్రేమ’ యను నర్థమునను, క్రొత్తపాఠము ‘ఇష్టము’ అను నర్థమునను గ్రహించినవి. దీనిపై గొప్ప వాదము చెలరేగెను. నా యభిప్రాయమున రెండును అసంపూర్ణములే. జపాను భాషలో ఆ పద మీ రెండర్థముల నడుమ నిలుచును. ఆ సందిగ్ధతయే యచ్చటి రసము. ఆంగ్లమున రెండు క్రియలలో నొకదానిని వరింపక తప్పదు. తెలుగున ‘ఇష్టము’ అను మాట స్నేహమునకును ప్రణయమునకును చెల్లును గనుక, సందిగ్ధతను చెడగొట్టకయే చెప్పవచ్చును. రెండు పాఠములను ప్రక్కప్రక్కన నుంచినప్పుడే మూలమందలి సందిగ్ధత ఆంగ్లశ్రోతకు తెలియును. ఒక్కటే మిగిలినచో, వివాదమునకు చోటులేని యా యొక్కటియే మూల మనిపించును. 2021లో వెలువడిన ప్రత్యేక డిస్కు సంపుటములలో పాతపాఠమును తిరిగి చేర్చుట ఈ కారణముచే కొనియాడదగినది. కాని సామాన్య సంపుటమున కా భాగ్యము కలుగలేదు.

మూడవ ఫలము త్వర. 2014 నుండి ఫ్యునిమేషన్ జపాను ప్రసారము వెలువడిన కొలది వారములలోనే ఆంగ్లపాఠమును వినిపించు పద్ధతి నవలంబించెను. కథ యెట్లు ముగియునో తెలియని రచయిత తొలి భాగమందలి మాటలోని సూచనను గుర్తింపలేకపోవచ్చును. త్వర ముదిరినచోట యంత్రము ప్రవేశించును. 2025 జూలైలో క్రంచీరోల్‌లోని యొక ధారావాహికపు జర్మను ఉపశీర్షికలలో చాట్‌జీపీటీ పేరే పంక్తి నడుమ కనబడెను. బయటి గుత్తేదారు ఒప్పందమును మీరెనని సంస్థ చెప్పెను. ఎవరు చేసినను, ప్రేక్షకునికంటె ముందుగా నా పంక్తిని చదివిన మనుష్యుడు లేడని మాత్రము తేటతెల్లము. ఆ యేటనే నవంబరు చివర అమెజాను ప్రైమ్ వీడియో ‘బనానా ఫిష్’ మొదలగు కొన్నింటికి యంత్రస్వరములతో ఆంగ్లపు డబ్బింగును చేర్చి, నిరసనలు రాగా కొలదిదినములలోనే తొలగించెను. యంత్రము కాలనియమమును పాటింపగలదు, పవర్గమును పొదుగగలదు. కాని కాకువు వక్త యొక్క అభిప్రాయమునుండి పుట్టును. అభిప్రాయమే లేనిచోట స్వరభేదము అలంకారమగునే గాని యర్థము కానేరదు.

ఇచట నొక పూర్వపక్షము కలదు. సంస్థ లేకమగుటచేతనే పెట్టుబడి సమకూరెననియు, అందుచేతనే తెలుగు వంటి భాషలకు అధికారికముగా అనిమే లభించెననియు కొందరందురు. ఇందు సత్యము లేకపోలేదు. 2024లో ‘సోలో లెవలింగ్’ హిందీ, తమిళములతోపాటు తెలుగునను వినబడెను. 2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్ : ఇన్ఫినిటీ కాసిల్’ మన థియేటర్లలో తెలుగున విడుదలయ్యెను. చిన్న సంస్థ లిట్టి సాహసము చేయజాలకుండెడివేమో. అయినను సిద్ధాంత మిది : వ్యాప్తి వేరు, పాఠము వేరు. అచ్చుయంత్రము వచ్చి గ్రంథములను ఊరూర వ్యాపింపజేసినంతమాత్రమున తప్పులతడకయైన ముద్రణమును పండితులు క్షమింపలేదు గదా! తెలుగునకును జపాను భాషకును వాక్యరచనలో సన్నిహితత్వము కలదు : రెంటను క్రియ వాక్యాంతమున నుండును, కాదనుటయు నచ్చటనే తేలును. మాట ముగియకమునుపే పాత్ర ఆగినచో, ఔనో కాదో తెలియని యా తటపటాయింపు తెలుగున యథాతథముగా నిలుచును. మూలమునుండి గాక ఆంగ్లము మీదుగా తెనిగించిన యెడల ఈ లాభమును చేజేతుల జారవిడిచినట్లగును. జపాను భాష నెరిగినవారిని నియమించుట వ్యయమే. కాని తెలుగుపాఠమునకు ప్రత్యేకత గలిగించు వ్యయ మదియే.

కావున ఈ రంగమున విమర్శకుల కర్తవ్యము స్పష్టము. డబ్బింగు పాఠమునకు కర్తలైనవారి పేర్లను చిత్రముతోపాటు ప్రకటింపుమని కోరవలయును. పాఠాంతరములను పోల్చి, ఏది యేల మారెనో వ్రాసి యుంచవలయును. విశ్వవిద్యాలయ గ్రంథాలయములు తాళపత్రములకు చూపిన శ్రద్ధలో కొంత భాగమును ఈ గాత్రపాఠములకు చూపవలయును. వాణిజ్య సంస్థల విలీనములను మన మాపజాలము. కాని తక్కువ వ్యయముతో మంచి పాఠమును చేయుటకును, పాఠమును తక్కువచేసి వ్యయమును మిగుల్చుకొనుటకును గల భేదమును లోకమునకు చూపగలము. ఆ భేదమును గుర్తించు చెవి సంస్థల లెక్కల పుస్తకములలో లేదు. సహృదయుని యందే కలదు.