గోయా ఎద్దుకు రంగు వేయకండి

స్పెయిన్ ఎద్దుపోరు మీద వచ్చిన పాత పుస్తకాల్లో రాతకంటే బొమ్మకే ఆయుష్షు ఎక్కువ. పెపె ఇయ్యో అనే సెవిల్ పోరుగాడి పేరున 1796లో కాడిజ్‌లో ఒక పుస్తకం అచ్చయింది. ఎద్దు ఎలా మీదికొస్తుంది, గుడ్డ ఎలా తిప్పాలి, కాలు ఎక్కడ పెట్టాలి అని నేర్పే పుస్తకం అది. అయిదేళ్లకే, 1801 మే 11న, మాడ్రిడ్ బరిలో బార్బుడో అనే ఎద్దు ఆ గురువునే పొడిచి చంపింది. 1804లో అదే పుస్తకం ముప్ఫై బొమ్మలతో మళ్లీ వచ్చింది. ఈనాడు దాన్ని వెతుక్కునేవాళ్లలో ఎక్కువమంది బొమ్మల కోసమే వెతుకుతారు.

ఆ బొమ్మలను చేత్తో నకలు తీసి రంగులు వేసే పని చాలా పాతది. నకలు అనగానే మనకు చిన్నచూపు. మరి స్పెయిన్ మహాచిత్రకారుడు గోయా ఏం చేశాడు? 1778లో రాజుగారి సేకరణలోని వెలాస్కెజ్ చిత్రాలను ఒక్కొక్కటిగా రాగి రేకుల మీదికి ఎక్కించాడు. అంత చెయ్యి తిరిగినవాడే నకలుతో పాఠం నేర్చుకున్నప్పుడు మనకు నామోషీ దేనికి?

అయితే ఏ బొమ్మకు రంగు నప్పుతుంది, దేనికి నప్పదు అన్నది తెలియాలి. అంతోనియో కార్నిసేరో బొమ్మలకు నప్పుతుంది. స్పెయిన్ రాజ అకాడమీ 1780లో వేయించిన అందమైన డాన్ కిహోటే నవల ప్రతికి బొమ్మలు గీసినవాళ్లలో ఆయనొకడు. 1790లో ఎద్దుపోరు ఘట్టాల మీద ఆయన తెచ్చిన అచ్చుబొమ్మలకు అప్పట్లోనే చేత్తో రంగులద్దేవారు. ఆయన గీత శుభ్రంగా ఉంటుంది. గుర్రం, ఈటె, గుడ్డ దేనికది విడిగా కనబడతాయి. రంగు కోసం చోటు వదిలిపెట్టిన బొమ్మలవి.

రంగులద్దే పద్ధతి చెప్పుకోవడానికి తేలికే. ముందు కాగితానికి పల్చటి పటిక నీళ్లు పట్టించి ఆరనివ్వాలి. లేకపోతే కాగితం రంగును తాగేసి మచ్చలు దేలుతుంది. తర్వాత నీటిరంగు, కింద గీత కనబడేంత పల్చగా. ఇసుక పసుపుతో మొదలుపెట్టి, కంచె గోధుమరంగు, మనుషుల బట్టలు, చిట్టచివర ఎద్దు నలుపు. కొత్తవాళ్లు మాత్రం ముందు ఎర్రగుడ్డ మీద పడతారు. ఎద్దుకు ఎరుపు మనకు కనిపించినట్టు కనిపించదు. దాన్ని రేపేది కదలిక. ఎరుపు కూర్చుని చూసేవాళ్ల కోసం. గుడ్డ మరీ మండిపోతే చూసేవాడి కన్ను అక్కడే ఆగిపోతుంది, ఎద్దు దాకా పోదు.

బొమ్మ మొత్తాన్ని కొత్త కాగితం మీదికి దించాలంటే గళ్లు గీసి కొలిచి వేయవచ్చు. లేదా మన మగ్గం వర్క్ వాళ్లు డిజైన్ దించినట్టు, ట్రేసింగ్ కాగితాన్ని గీత వెంబడి సూదితో పొడిచి, పైన పొడి అద్దవచ్చు. రెండోది త్వరగా అవుతుంది. మొదటిది చూడడం నేర్పుతుంది.

గోయా దగ్గరికొచ్చేసరికి ఈ లెక్కలన్నీ మారిపోతాయి. 1816 అక్టోబర్‌లో, డెబ్బై ఏళ్ల వయసులో, ఆయన 33 అచ్చుబొమ్మల ‘తౌరోమాకియా’ అమ్మకానికి పెట్టాడు. కట్ట ధర 300 రియాళ్లు. పెద్దగా అమ్ముడుపోలేదు. నికొలాస్ మొరాతిన్ ఎద్దుపోరు చరిత్ర మీద రాసి 1777లో అచ్చువేసిన లేఖ ఈ బొమ్మల్లో కొన్నిటికి ఆధారం అంటారు పండితులు. ప్రాచీనుల వేట, ముస్లిం మూర్లు, ఎల్ సిద్ అనే మధ్యయుగ యోధుడు అన్నీ వరసగా వస్తాయి. చివరి బొమ్మ పెపె ఇయ్యో చావు.

గోయా ముందు కాగితం మీద ఎర్రసుద్దతో గీసేవాడు. ఆ చిత్రాలు చాలామటుకు మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్నాయి. రాగి రేకు మీద గీతలు పడ్డాక నీడల కోసం ఆక్వాటింట్ అనే పద్ధతి వాడాడు. రేకు మీద సన్నని రెజిన్ పొడి చల్లి, వేడిచేసి అతికిస్తారు. తెల్లగా ఉండాల్సిన చోట వార్నిష్ పూసి ఆమ్లంలో ముంచుతారు. పొడిరేణువుల సందుల్లో ఆమ్లం రాగిని తింటుంది. ఇక లేతబూడిద చాలనుకున్న చోటునూ వార్నిష్‌తో మూసి, మళ్లీ ముంచుతారు. ఎంతసేపు తింటే అంత నలుపు.

సిరాతో నకలు తీసేవాళ్లకు కిటుకంతా ఈ వరసలోనే ఉంది. తెలుపు ముట్టకుండా వదిలి, మిగతా కాగితమంతా నీళ్లు కలిపిన సిరాతో ఒక లేతపూత వేయాలి. ఆరాక లేతగా మిగలాల్సినవి వదిలి రెండో పూత, ఆ తర్వాత మూడోది. గోయా రేకును ముంచిన క్రమంలోనే కుంచె నడుస్తుంది. ఏది ఎప్పుడు వదిలేయాలో ఆయన తేల్చుకున్న చోటే నకలు తీసేవాడూ తేల్చుకోవాలి. స్కానరుకు ఆ అవసరం లేదు. చేతి నకలుకు విలువ ఉందని నేననేది అందుకే.

తొర్రెహోన్ అనే ఊరి మేయర్ చనిపోయిన 21వ బొమ్మే చూడండి. ఎద్దు జనం కూర్చున్న వరసల్లోకి దూకింది. కొమ్ము మీద మనిషి వేలాడుతున్నాడు. గగ్గోలంతా కుడివైపే, ఎడమవైపు దాదాపు ఖాళీ. ఆ ఖాళీ దగ్గర నకలు తీసేవాడి చెయ్యి దురదపెడుతుంది, ఒక కంచె ముక్కో నీడో వేద్దామని. వేస్తే బొమ్మ చచ్చిపోతుంది. రంగు వేసినా అంతే. ఆ నలుపూ తెలుపూ మధ్య భయం ఉంది, దాన్ని పసుపుతో నింపితే క్యాలెండర్ బొమ్మ మిగులుతుంది.

నెత్తురు సంగతి దాటేయలేం. స్పెయిన్ పోరులో ఎద్దు దాదాపు ఎప్పుడూ చావాల్సిందే. మన చిత్తూరు పల్లెల పశువుల పండుగలో ఎద్దు కొమ్ముకు కట్టిన పలకలు లాక్కుంటారు, ఎద్దు ఇంటికి పోతుంది. స్పెయిన్ బరిలో గుర్రాలకు దళసరి కవచం తప్పనిసరి అయింది కూడా 1928లోనే. అంతకుముందు అవి పేగులు బయటపడి చచ్చేవి. గోయా అది దాచలేదు. గోడకు అందంగా ఉండాలని గాయాలు తుడిచేసే నకలు నా దృష్టిలో అబద్ధం.

మోసం మాట కూడా ఉంది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో కూర్చుని నకలు తీసేవాళ్లు అసలు కొలతలో వేయకూడదు. పెద్దదో చిన్నదో చేయాలి. ఇంట్లో వేసుకునేవాళ్లు కనీసం వెనకవైపు అసలు చిత్రకారుడి పేరు, తమ పేరు, సంవత్సరం రాయాలి. గోయా, కార్నిసేరో బొమ్మల మీద ఎవరికీ హక్కులు లేవు, నిశ్చింతగా నకలు తీసుకోవచ్చు. పెపె ఇయ్యో పుస్తకానికే పికాసో 1957లో వేసిన, 1959లో బార్సిలోనాలో అచ్చయిన 26 బొమ్మల సంగతి వేరు. ఆయన 1973లో పోయాడు. మన దేశ చట్టం లెక్కన 2033 ముగిసేదాకా వాటి నకళ్లు అమ్మకానికి పెట్టకండి.