బాడిసతో పాటు పెన్సిలు కూడా

జాతీయ విద్యా విధానం 2020లోని 4.26వ పేరాను మన ఏజెన్సీ టీచర్లందరూ ఒకసారి నిదానంగా చదవాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రతి విద్యార్థీ వడ్రంగం, లోహపు పని, కుండల తయారీ, తోటపని వంటివి చేతితో చేసి నేర్చుకోవాలని అందులో ఉంది. పది రోజులు సంచి లేకుండా స్థానిక పనివారి దగ్గర గడపాలని కూడా ఉంది. దీన్ని మేము స్వాగతిస్తున్నాం. కమ్మర కోయలు ఇనుము పనికి, ముసర కోయలు ఇత్తడి, కంచు పనికి పేరుపడిన ప్రాంతం మనది. బడి ఇన్నాళ్లకైనా ఊరి కొలిమి వైపు తిరిగి చూసింది.

అయితే అదే పేరా ఈ చదువును 'సరదా కోర్సు' అంటుంది. పట్నం పిల్లలకు అది సరదా కావచ్చు. మన ఊళ్లో నాగలి కుదరకపోతే దుక్కి లోతు రాదు, ఎద్దుల మెడలు పుండ్లు పడతాయి. నాగలి చేసేవాడు ముందు నేల చూస్తాడు, తర్వాత ఎద్దుల ఎత్తు చూస్తాడు, ఆ తర్వాతే కర్ర ఎంచుతాడు. కర్రు నేలలో ఏ కోణంలో దిగాలో లెక్క వేసుకుంటాడు. కుదరకపోతే విప్పి మళ్లీ చెక్కుతాడు. అవసరం తెలుసుకోవడం, కొలవడం, ఎంచడం, చేసి చూడడం, దిద్దడం. దీన్నే చదువుకున్నవాళ్లు డిజైన్ అంటారు. బాడిస పట్టిన మన పెద్దవాళ్లకు ఆ మాట ఎవరూ వాడలేదు.

మా విమర్శ ఇక్కడే. ఒకే పనికి రెండు పేర్లు నడుస్తున్నాయి. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల్లో త్రీడీ ప్రింటరుతో వస్తువు చేస్తే దానికి 'ఆవిష్కరణ' అని పేరు. ఊళ్లో ఉలితో చేస్తే 'చేతిపని'. మొదటిది చేసిన పిల్లవాడిని ఇంజినీరింగు వైపు పంపుతారు. రెండోది చేసినవాడిని 'పని నేర్చాడు, ఇక బతుకుతాడు' అని అక్కడితో వదిలేస్తారు.

ఈ భయానికి చరిత్ర ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారి ప్రభుత్వం పల్లె బడుల్లో చదువు గంటలు తగ్గించి, మిగతా సమయంలో పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలంది. అప్పటికి భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో, ఆ రాష్ట్రంలోనే ఉంది. ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. కమ్మరి బిడ్డ కమ్మరిగానే మిగలాలనే కులవిద్య ఇది అని జనం ఎదురుతిరిగారు. 1954లో పథకం పోయింది. తప్పు పనిలో లేదు. కొందరి పిల్లలకు పని, మరికొందరి పిల్లలకు చదువు అని పంచడంలో ఉంది.

దీనికి జవాబుగా మేము చూపించగల పుస్తకం కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్'. బొమ్మలు వేసింది పర్ధాన్ గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్. ఆదివాసులతో మొదలై పశువుల కాపరులు, తోలు పనివారు, కుమ్మరులు, నేతగాళ్ల మీదుగా సాగుతుంది. శ్రమలో శాస్త్రం ఉందని చెప్పడం దీని బలం. కాని గౌరవం చెప్పినంతగా పనిలో మెళకువ చెప్పదు. కొలిమిలో ఇనుము ఏ రంగుకు వచ్చాక దెబ్బ వేయాలో అది చదివితే తెలియదు. ఆ మిగతా సగం టీచరూ, ఊరి పనివారూ కలిసి చెప్పాలి.

గౌరవం ఒక్కటే చాలదని మన ఇంట్లోనే చూశాం. 2022లో కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. అందరం గర్వపడ్డాం. కాని డోలుకు ఏ కర్ర మంచిదో, దాన్ని ఎలా తొలవాలో మన హైస్కూలు పిల్లల్లో ఎందరికి తెలుసు?

కాబట్టి టీచర్లుగా మనం కొన్ని పట్టుబట్టాలి. పదో తరగతిలో లోహాల పాఠం వచ్చినప్పుడు ఊరి కొలిమి చూపించాలి. రాగి, తగరం కలిస్తే కంచు అని పిల్లలు తాళం మోగించి తెలుసుకోవాలి. నాగలి బొమ్మను కొలతలతో గీసి, త్రికోణమితిలో చదివిన కోణాన్ని అందులో గుర్తించాలి. పనిముట్ల కోయ పేర్లు నోటుబుక్కులో ఎక్కాలి. ఆడపిల్లలకూ ఉలి, సుత్తి ఇవ్వాలి. నేర్పే పెద్దాయనకు శాలువా కాదు, గంటల లెక్కన జీతం కావాలి. టేకు దుంగకు అనుమతులు కావాలి గనుక వెదురుతో మొదలుపెట్టవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది.

పాల్వంచలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ పెట్టారు. సారపాకలో కాగితం మిల్లు ఉంది. మన ఇనుము పని, మన వెదురు పని తెలిసిన పిల్లలు ఇలాంటి ఫ్యాక్టరీల గేటు దగ్గర కూలికి నిలబడతారా, లోపల డ్రాయింగు బల్ల ముందు కూర్చుంటారా అన్నది ఈ చదువును మనం ఎలా నడుపుతామన్న దానిమీద ఉంది. పట్నం బడిలో కూడా ఇదే పాఠం, ఇవే మార్కులు ఉన్న రోజున దీన్ని సమాన చదువు అని ఒప్పుకుంటాం.