ముందు ఏది కట్టాలి?

ఒక ప్రోగ్రామ్ పనిచేయడానికి మరికొన్ని ప్రోగ్రామ్‌లు లేదా లైబ్రరీలు ముందే యంత్రంలో ఉండవలసి వస్తే, ఆ అవసరాన్ని డిపెండెన్సీ అంటారు. డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ పంపిణీలలో ప్యాకేజీలు కంపైల్ అయి సిద్ధంగా వస్తాయి గనుక ఈ అవసరాలను వాటిని తయారుచేసినవారే నిర్ణయించి ఉంటారు, 2002లో 1.0 వెర్షన్‌గా వెలువడిన జెంటూలో మాత్రం వినియోగదారు సోర్స్ కోడ్‌ను తెచ్చి తన యంత్రంపైనే కంపైల్ చేసుకుంటాడు కాబట్టి, ఏది దేనిపై ఆధారపడాలన్నది చాలామేరకు అతని ఎంపికను బట్టే తేలుతుంది. ఆ ఎంపికకు సాధనం యూజ్ ఫ్లాగ్, అంటే ఒక ప్యాకేజీలో ఫలానా సదుపాయం ఉండాలా వద్దా అని చెప్పే మీట. ఒక ఫ్లాగ్ పెడితే కొత్త లైబ్రరీలు వచ్చి చేరతాయి, తీసేస్తే ఆ అవసరమే ఉండదు.

ఈ వ్యవహారం తెలుగువారికి నేరుగా తగిలే చోటు ఒకటుంది. తెరపై ‘మెదక్ చర్చి’ అని కనిపించాలంటే, ర, పొల్లు, చ, గుడి అనే నాలుగు సంకేతాలుగా నిలవ ఉన్న చివరి అక్షరంలో గుడిని ‘ర’ మీదికి చేర్చి, ‘చ’ను వత్తుగా కిందికి దింపాలి, ఆ కూర్పు పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది, ఫాంటులోని గీతలను చుక్కలుగా మార్చే పని ఫ్రీటైప్‌ది. ఫాంటును చదవడానికి హార్ఫ్‌బజ్ ఫ్రీటైప్‌ను వాడుకోగలదు. అక్షర రూపాలను తెరకు చక్కగా అమర్చడానికి ఫ్రీటైప్ హార్ఫ్‌బజ్‌ను వాడుకోగలదు. రెండు ఫ్లాగులూ పెట్టి మొదటిసారి కంపైల్ చేయబోతే, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదన్న సామెతే ఎదురవుతుంది. అందుకే జెంటూ ప్యాకేజీ మేనేజర్ పోర్టేజ్ అక్కడ ఆగిపోయి, ఇది చక్రీయ ఆధారమని చెబుతుంది. ఫ్రీటైప్‌ను హార్ఫ్‌బజ్ ఫ్లాగ్ లేకుండా ఒకసారి కట్టి, హార్ఫ్‌బజ్‌ను దానిపై నిలబెట్టి, ఫ్రీటైప్‌ను పూర్తి ఫ్లాగులతో మళ్లీ కట్టడమే విరుగుడు. ఒకే లైబ్రరీని రెండుసార్లు కంపైల్ చేయడం వృథాగా కనిపించినా, ఆధారం ప్రోగ్రామ్ స్వభావంలో కాక దాన్ని కట్టే తీరులో ఉందన్న సంగతిని ఇంత సూటిగా నేర్పే పాఠం జెంటూలో మరొకటి లేదు. స్వేచ్ఛ వంటి సంస్థలు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చిన కృషి మెనూలలో కంటికి కనిపిస్తుంది. దాని అడుగున ఉన్న ఈ లైబ్రరీల పొరను గమనించేవారు తక్కువ.

ఆ తాత్కాలిక నిర్మాణంలో వన్‌షాట్ అనే ఐచ్ఛికాన్ని మరవకూడదు. అది లేకపోతే ఫ్రీటైప్ పేరు, వినియోగదారు స్వయంగా కోరుకున్న ప్యాకేజీలను నమోదు చేసే వరల్డ్ ఫైలులోకి ఎక్కుతుంది. రేపు దాని అవసరం ఏ ప్యాకేజీకీ లేకపోయినా, అనాథ ప్యాకేజీలను ఏరివేసే డెప్‌క్లీన్ దాన్ని ముట్టుకోదు. జెంటూ యంత్రం బరువెక్కడానికి ఇదీ ఒక కారణం.

ఇక సమయం సంగతి: సాధారణ ల్యాప్‌టాప్‌పై పెద్ద బ్రౌజర్‌ను కంపైల్ చేయడానికి గంటలు పడుతుంది. 2023 డిసెంబరు నుంచి జెంటూ సిద్ధ ప్యాకేజీలను కూడా విస్తృతంగా అందిస్తోంది గానీ, ఫ్లాగులు వాటితో సరిపోలితేనే అవి పనికివస్తాయి, లేకుంటే మళ్లీ కంపైలేషనే. కొత్తగా మొదలుపెట్టేవారు ఫ్లాగులను వీలైనంత తక్కువగా మార్చడం మేలు. డెప్‌క్లీన్‌ను వ్యవస్థ మొత్తం నవీకరించిన తరువాతే, అదీ ముందుగా ప్రిటెండ్ ఐచ్ఛికంతో జాబితా చూసుకుని నడపాలి.