నిశ్శబ్ద మండలము: నూరు మీటర్ల లెక్క

సికింద్రాబాదులోని పాత పాఠశాలలు కొన్ని మోటారు వాహనములకు ముందు కాలమున వెలసినవి. మహబూబ్ కళాశాల 1862లో ఆరంభమైనది. రైలు ఈ ఊరికి వచ్చినది 1874లో. నాటి వీధులలో వినవచ్చినది బండిచక్రాల చప్పుడు. నేడు బస్సులు, ఆటోలు, వాటి హారనులు. పాఠశాల గోడకు "నిశ్శబ్ద మండలము, హారను మ్రోగింపరాదు" అని ఒక పలక కట్టుట పరిపాటి. ఆ పలకకు ఆధారమైన నియమము శాస్త్రదృష్టికి ఎంతవరకు నిలుచునో చూడదగును.

కేంద్రప్రభుత్వము 2000లో వెలువరించిన శబ్దకాలుష్య నియమముల ప్రకారము ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టును కనీసము 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలము కావచ్చును. అందు పగటి రొద 50 డెసిబెళ్లను మించరాదు. వాణిజ్య ప్రాంతములకు 65 వరకు అనుమతి కలదు.

ఈ 50 అను సంఖ్య మంచిదే. తెరచిన కిటికీలుగల గోడ సుమారు 10, 15 డెసిబెళ్లను ఆపును. అనగా గదిలో 35 లేక 40 మిగులును. తరగతిలో పాఠము జరుగునపుడు రొద 35కు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించినది. ఉపాధ్యాయుని కంఠము రొదకంటె 15 డెసిబెళ్లు హెచ్చుగా ఉన్నగాని చివరి బల్లమీది పిల్లవానికి మాట స్పష్టముగా అందదు. అచ్చుల ధ్వని బలమైనది, హల్లుల ధ్వని బలహీనమైనది. "పాలు, కాలు, తాలు" అను మాటలలో భేదమంతయు మొదటి హల్లులోనే ఉన్నది. రొదలో మొదట మునిగిపోవునది అదే. పెద్దలు సందర్భమును బట్టి ఊహించుకొందురు. ఆ మాటనే క్రొత్తగా నేర్చుకొనుచున్న పిల్లవాడు దేనిని బట్టి ఊహించగలడు?

లోపము నూరు మీటర్ల లెక్కలో ఉన్నది. వాహనములు ఎడతెగక సాగు రోడ్డు ఒక బిందువు వలె గాక ఒక గీత వలె ధ్వనిని వెదజల్లును. అట్టి ధ్వని దూరము రెట్టింపైనపుడెల్ల 3 డెసిబెళ్లు మాత్రమే తగ్గును. రోడ్డుకు 10 మీటర్లలో 65 ఉన్నచో, మధ్య అడ్డము లేనపుడు, 100 మీటర్లలో 55 ఉండును. అనగా బజారు తన పరిమితిని తు.చ. తప్పక పాటించినను దాని ప్రక్కనున్న పాఠశాలకు 50 దక్కదు. ఒక నియమములోని రెండు సంఖ్యలు ఒకదానినొకటి ఓడించుచున్నవి. పైగా నియమములో పగలు అనగా ఉదయము 6 నుండి రాత్రి 10 వరకు. ఆ పదునారు గంటల సగటు, పాఠము ఎన్నిసార్లు తెగినదో చెప్పజాలదు. 2017 సవరణతో, రాష్ట్ర ప్రభుత్వము ప్రకటింపనిదే ఏ ప్రదేశమును నిశ్శబ్ద మండలము కాదని తేల్చిరి. కావున పలక ఉన్నంతమాత్రమున మండలము ఉన్నట్లు కాదు.

ఈ నష్టము ఊహామాత్రము కాదు. న్యూయార్కులో స్తంభములపై సాగు రైలుమార్గము ప్రక్కనున్న ఒక పాఠశాలను పరిశీలించి బ్రాంజాఫ్ట్, మెకార్తీ అను ఇరువురు 1975లో ఫలితములు ప్రకటించిరి. భవనమొక్కటే; కాని రైలు వైపు గదులలోని పిల్లలు చదువుటలో ఆవలి వైపువారికంటె వెనుకబడిరి, ఆరవ తరగతికి వచ్చుసరికి సుమారు ఒక సంవత్సరము. తరువాత పట్టాల క్రింద రబ్బరు దిమ్మలు, గదుల పైకప్పులకు ధ్వనిని పీల్చు పలకలు అమర్చిరి. 1981 నాటి పరిశీలనలో ఆ భేదము కనిపించలేదు. సికింద్రాబాదులోను 2017 నుండి పరేడ్ గ్రౌండ్, ప్యారడైజ్ మీదుగా మెట్రో రైలు స్తంభములపై నడచుచున్నది. అయినను ఆ పాత రైలు నిందను దీనిపై మోపుట తొందరపాటు. కొలిచి చెప్పవలసిన మాట అది.

ప్రయాణికుల విమానములు బేగంపేట విడిచి శంషాబాదుకు తరలినది 2008 మార్చిలో. మ్యూనిక్ నగరమున 1992లో ఇట్లే విమానాశ్రయము మారినపుడు పిల్లలను మార్పుకు ముందును తరువాతను పరీక్షించిరి. పాత విమానాశ్రయము వద్దివారి జ్ఞాపకశక్తి, పఠనము మెరుగుపడినవి. క్రొత్తదాని వద్ద తగ్గినవి. బేగంపేటలో తగ్గిన రొదను మెచ్చుకొనువారు శంషాబాదు చుట్టుపట్ల బడులను మరువరాదు.

ఇక చెట్లు నాటిన రొద తగ్గునను నమ్మకము బలమైనది. నీడకు చెట్లు కావలసినవే. ఒక వరుస చెట్లు ఆపు ధ్వని మాత్రము అత్యల్పము. ఎత్తైన గోడ మేలు, కాని రోడ్డు కనబడు మేడ గదికి అది పనిచేయదు. మన ఎండలకు కిటికీలు మూయుట కుదరదు, మూసినచో పంకాల రొద మిగులును.

ఖర్చులేని పరీక్ష ఒకటి ఉన్నది. "పాలు, కాలు, తాలు" వంటి మాటలను వరుస తప్పించి ఉపాధ్యాయుడు ముందునుండి చదువవలెను, చివరి బల్లవారు వ్రాయవలెను. రోడ్డు వైపు గదిలో ఒకసారి, పెరటి వైపు గదిలో ఒకసారి. తప్పులు ఎక్కువైన గదిని సామాను గదిగానో, ప్రయోగశాలగానో మార్చి, చిన్న తరగతులను వెనుకకు తరలింపవచ్చును. అందుకు ప్రభుత్వ ప్రకటన అవసరము లేదు.