మహమ్మారి నాటి కొత్త కాపురము

తెలుగున ‘వలస’ యను మాటకును ‘కాపురము’ అను మాటకును నడుమ చాల దూరము కలదు. మొదటిది కదలికను చెప్పును. రెండవది నిలుకడను చెప్పును. ఊరు విడిచినవాడు పొరుగూర పొయ్యి వెలిగించి, ఇరుగుపొరుగువారిచే వరుసపెట్టి పిలువబడిననాడుగాని అతని వలస కాపురము కాదు. మన సాహిత్యము వలసను గూర్చి మిక్కిలి కన్నీరు కార్చినది. కాని కొత్త నగరమున, అందును రోగభయముచే తలుపులు మూసికొన్న నగరమున, కాపురము నిలుపుకొన్నవానిని తగినంతగా చూడలేదని మా అభిప్రాయము.

ఈ ప్రశ్న బీదరు సీమవారికి దూరపుది కాదు. ఖటక్ చించోళి ఈ జిల్లాలో భాల్కి తాలూకాకు చెందిన గ్రామము. 1956 నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరువరకు ఈ సీమ హైదరాబాదు రాష్ట్రములోనిదే. కన్నడము, మరాఠీ, ఉర్దూ, తెలుగు కలిసి వినవచ్చు ఈ నేలనుండి బ్రతుకుతెరువునకై హైదరాబాదు పోవుట నాడు తన రాజధానికి పోవుట. నేడు పొరుగు రాష్ట్రమునకు పోవుట. దారి మారలేదు, పోవువాని పేరు మారినది. 2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచి, సరిహద్దులు మూతపడినప్పుడు ఆ పేరుమార్పునకు ఎంత బరువు కలదో తెలియవచ్చినది.

ఆ నగరపు జ్ఞాపకములోనే దీనికి సంబంధించిన పాత కథ ఒకటి కలదు. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి ఆలయమును గూర్చి చెప్పుకొను గాథ అది. 1813లో సురిటి అప్పయ్య యను సైనిక డోలీ బోయీ ఉజ్జయినిలో నుండగా, తన ఊర మహమ్మారి చెలరేగినదని వినెనట. తనవారు గట్టెక్కినచో అక్కడి అమ్మవారిని తమ ఊర నిలుపుదునని మ్రొక్కెనట. 1815లో ఆ మ్రొక్కు తీర్చెనట. భక్తి మాట యటుంచి, కథగా దీని అల్లిక గమనింపదగినది. ఇందు రోగము ఇంటిది. రక్ష పరస్థలమునుండి వచ్చినది. పొరుగూరి దేవత ఈ ఊరి తల్లియై ఆషాఢమున బోనమందుకొనుచున్నది. 2020 నాటి భయము ఈ కథను తలక్రిందు చేసినది. బయటినుండి వచ్చువాడే రోగమును తెచ్చువాడను అనుమానము వీధివీధిన పుట్టినది. జానపదుల కథకున్న చనువు ఆధునిక నగరమునకు లేకపోయినది.

పాశ్చాత్య నవలలలో ఆల్బేర్ కామూ 1947లో ప్రకటించిన ‘ప్లేగు’ ఈ విషయమును ముట్టినది. రాంబేర్ అను పత్రికా రచయిత పారిస్ నుండి ఓరాన్ నగరమునకు పనిమీద వచ్చి, ద్వారములు మూతపడుటచే చిక్కుకొనును. తాను ఈ ఊరివాడను కానని వాదించును. దొంగదారిన పోవుటకు పూనుకొనును. తీరా దారి దొరికిన వేళ పోక నిలుచును. ఊరి బాధను తన బాధగా ఎంచిన ఆ ఘడియయందే అతడు ఊరివాడగును. ఈ మలుపు గొప్పది. కాని రాంబేర్ వచ్చినది అరబ్బుల జీవన స్థితిగతులను వ్రాయుటకు. ఆ అరబ్బులో, నవలలో దాదాపు కానరారు. వచ్చినవానికి చోటిచ్చిన కామూ, ఉన్నవారిని మరచెను. ఊరిలో ఎవరు లెక్కకు వత్తురు అను ప్రశ్నను ఇంత పెద్ద రచయితయే దాటవేసినచో, మనము మరింత మెలకువతో ఉండవలెను.

మనవైపు చూచినచో, 2020లో ఆదేశ్ రవి వ్రాసి పాడిన వలసకూలీ పాట ఇంటింట వినబడినది. ఇంటికడనున్న పిల్లలను, ముసలితల్లిని తలచుకొని కుములు ఆ పాట న్యాయమైనది. ఆ ఏడు మే 1న హైదరాబాదులోని లింగంపల్లినుండి జార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మందితో కదలిన మొదటి శ్రామిక రైలు ఆ వేదనకు సాక్ష్యము. అయినను పాట చూపంతయు వెనుకకే. అది నగరమును అడిగినది దారి మాత్రమే. పోలేక, లేదా పోనొల్లక, ఆ నగరముననే నిలిచినవారి మాట ఏమి? తెలంగాణ ప్రభుత్వము నాడు వలసకూలీలకు తలకు 12 కిలోల బియ్యమో పిండియో, 500 రూపాయలు ప్రకటించినది. నెల అద్దెకై ఒత్తిడి చేయరాదని, ఖాళీ చేయింపరాదని కేంద్రము మార్చి 29న ఆదేశించినది. ఇవి మెచ్చదగిన పనులే. కాని అవి ఆపదలో అతిథికి పెట్టిన అన్నము వంటివి. కాపురస్థుని కిచ్చిన పీట కాదు.

ఈ పీటను వేయగలది సాహిత్యమే. కొత్త ఊరి భాషను మనుజుడు ఎదుటివారి పెదవులను చూచి నేర్చును. మూతిగుడ్డ ఆ పెదవులను కప్పినది. ఊరితో పరిచయము చావడిలోను, టీకొట్టులోను కలుగును, అవి మూతపడినవి. అట్టివేళ ఒక గదిలో కొత్త కాపురము పెట్టిన దంపతులు ఎవరిని అప్పడిగిరి? జ్వరము వచ్చిన రాత్రి ఎవరి తలుపు తట్టిరి? తెరచినవారెవరు? మేము కోరునది ఈ వివరములను; వీనిలోనే కథ కలదు. బాటసారిపై జాలి చూపుట సులభము, ఏలయన అతడు రేపటికి కనుమరుగగును. పక్కింటివానిని మనవాడనుట కష్టము, ఏలయన అతడు రేపును పక్కింటనే ఉండును. ఆ కష్టమును తలకెత్తుకొన్న రచనయే వలసను కాపురముగా మార్చును.