గుమ్మం ముందు పాట

డిసెంబరు రెండో వారం దాటాక గుంటూరు వైపు పల్లెల్లో రాత్రి పదకొండింటికి కుక్కలన్నీ ఒక్కసారిగా మొరిగితే ఎవరూ దొంగలనుకోరు. క్యారల్స్ వస్తున్నాయన్నమాట. ముందు వెదురు గడకు కట్టిన కాగితపు నక్షత్రం, లోపల చిన్న బల్బు. దాని వెనక మెడలో హార్మోనియం పెట్టె తగిలించుకున్న మనిషి, డోలక్కు, తాళాలు, డప్పు. ఆ వెనక మంకీ క్యాపులు, శాలువాలు. అందరికంటే వెనక, ఆ చలిలోనూ చెమటలు కక్కుతూ, దూది గడ్డం క్రిస్మస్ తాత. మనవాళ్ళు ‘క్యారల్స్’ అని బహువచనంలోనే అంటారు. పాటా, పాడేవాళ్ళూ, వాళ్ళ రాకా అన్నీ ఆ ఒక్క మాటలోనే.

ఆ మాట మనకు ఇంగ్లీషు నుంచి వచ్చింది. మధ్యయుగాల్లో క్యారల్ అంటే చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడే ఆటపాట. ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్ళు మకుటం ఎత్తుకునేవారు. తెలుగువాడికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కోలాటం చూసినవాడికీ, భజనలో కూర్చున్నవాడికీ తెలిసిన సంగతే. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే ప్రతి పాట నెత్తినా రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. చరణం చివర రెండు నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట కనిపిస్తుంది. మళ్ళీ మొదటికి రమ్మని గుర్తు. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి వంటి కవులు క్రీస్తు కథను తెచ్చి ఈ అచ్చులోనే పోశారు. పల్లవి పదేపదే తిరిగొస్తుంది కాబట్టే చీకట్లో పుస్తకం కనపడకపోయినా పాట ఆగదు. చరణాలు రాని పక్కింటి హిందూ పిల్లలు కూడా రెండో ఇంటికల్లా పల్లవి అందుకుంటారు, మూడో ఇంటికి నక్షత్రం వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది.

పని మాత్రం తేలిక కాదు. మొదటి తగాదా శ్రుతి దగ్గర. మగవాళ్ళకు హాయిగా ఉన్న శ్రుతిలో ఆడవాళ్ళ గొంతు అడుగంటుతుంది, ఆడవాళ్ళకు కుదిరినది మగవాళ్ళ గొంతు చీలుస్తుంది. అనుభవమున్న పెట్టె మాస్టారు రెంటికీ మధ్యన ఎక్కడో పట్టి, రాత్రి గడిచేకొద్దీ చెప్పకుండా ఒక మెట్టు దించుతాడు. లేకపోతే పదిహేనో ఇంటికి మిగిలేది దగ్గే. డప్పుది ఇంకో బాధ. మంచుకు చర్మం వదులై మోత చచ్చిపోతుంది. అందుకే సందు మలుపులో కాస్త గడ్డి అంటించి కాచుకోవాలి. ఆ మంట చుట్టూ చేరినప్పుడే క్యారల్ రౌండ్స్‌లోని అసలు కబుర్లన్నీ నడుస్తాయి. పాటలూ సందర్భాన్ని బట్టే: నడకకు అడుగు పడే ఆదితాళం పాట, గుమ్మం ముందు నిలబడి నింపాదిగా కీర్తన, ఇంట్లో చంటిబిడ్డ నిద్రపోతుంటే జోలలాంటిది. తర్వాత పాస్టరుగారి ప్రార్థన, కానుక డబ్బా, టీ. ఏ ఇంటికి ఏ పాటో ఎంచడం గొంతును మించిన విద్య. ఆ ఏడు మనిషి పోయిన ఇంటి ముందు డోలక్కు చంకలోనే ఉండిపోవాలి.

క్యారల్స్ పాడేవాళ్ళను దేవదూతలతో పోల్చడం వేదికల మీద మామూలు. నాకది సరిపడదు. లూకా సువార్త రెండో అధ్యాయం జాగ్రత్తగా చదివితే దూతలు దేవుణ్ణి స్తుతిస్తూ పలికారనే ఉంటుంది, పాడారని ఉండదు. దానికి వరస కట్టింది మనమే. ఆ రాత్రి పొలంలో మందలు కాస్తూ మేలుకుని ఉన్నది కాపరులు. కబురు మొదట చేరింది వాళ్ళకే. వెళ్ళి పశువుల తొట్టిలో బిడ్డను చూసి, విన్నదీ కన్నదీ అందరికీ చెప్పి, స్తుతించుకుంటూ తిరిగి వెళ్ళారు. నిద్ర మానుకుని, కాళ్ళు దుమ్ము కొట్టుకుపోయి, వీధులు తిరిగే యూత్ పిల్లలు ఆ కాపరుల బంధువులే. గుడికి జనం వస్తారు. క్యారల్స్‌లో గుడే జనం గుమ్మంలోకి వస్తుంది. దేవుడు మనిషై మనుషుల మధ్యకు దిగివచ్చాడన్నది క్రిస్మస్ విశ్వాసమైతే, దాన్ని నడిచి చూపించేది ఈ పాటే.

అదే సువార్త మొదటి అధ్యాయంలో, బిడ్డ పుట్టకముందే, మరియ పాట ఉంది. గద్దెల మీదివాళ్ళు కిందికి, దీనులు పైకి, ఆకలిగొన్నవాళ్ళకు నిండా మేళ్ళు. దళితపేటల్లో ఆ మాటలకు బరువు వేరు. ఒకప్పుడు చావులకూ జాతరలకూ వెట్టిగా కొట్టించిన డప్పు, ఈ రాత్రి కొట్టేవాడి ఇష్టం మీద, వాడి సంబరం కోసం మోగుతుంది. క్రిస్మస్ ఆనందం అన్నప్పుడల్లా నాకు ముందు ఆ చప్పుడే వినిపిస్తుంది.

లోకమంతా పాడే ‘సైలెంట్ నైట్’ కూడా పేదింటి పాటే. 1818 డిసెంబరు 24న, ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ దగ్గరి ఓబెర్న్‌డోర్ఫ్‌లో జోసెఫ్ మోర్ అనే గురువు తాను రాసుకున్న పాట తెచ్చి ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులుకిచ్చాడు. ఆయన వరస కట్టాడు. ఆ రాత్రే రెండు గొంతులు, ఒక గిటారుతో పాడేశారు. (ఎలుకలు ఆర్గాన్ కొరికేశాయన్న కథకు ఆధారం లేదు, కానీ ప్రసంగాల్లో ఆ ఎలుకలు చావవు.) తర్వాత టిరోల్ పాటగాళ్ళ కుటుంబాలు దాన్ని ఊరూరా మోసుకెళ్ళాయి. తెలుగులోకీ వచ్చి మన పాటల పుస్తకాల్లో చేరింది.

ఇప్పుడు కొన్నిచోట్ల ట్రాక్టరు మీద డీజే పెట్టి, రికార్డు వేసి, పిల్లలు ముందు గంతులేస్తున్నారు. ఆ హోరులో ఇంటివాళ్ళు పల్లవి అందుకోలేరు, కిటికీలోంచి చూస్తారంతే. వంద వాట్ల స్పీకరు కంటే బొంగురుపోయిన ఆరు గొంతులు మేలని నా చాదస్తం.

మా రౌండ్స్‌లో ఆఖరిల్లు కాలువ పక్కన ఒక మామ్మది. అప్పటికే మంచాన ఉంది. మూడున్నరైంది, ఒళ్ళు తూలుతోంది. గబగబా రెండు చరణాలు పాడి, పల్లవితో ముగించి ప్రార్థనకు తల వంచాం. దుప్పట్లోంచి గొంతు వినపడింది: “ఏరా, మూడో చరణం మింగేశారేంట్రా?”

మాలో ఎవరికీ అది రాదు. పెట్టె మాస్టారు నవ్వుతూ మళ్ళీ శ్రుతి పట్టాడు. ఆమె పాడింది, మేం పల్లవి అందుకున్నాం.