పాత ఇనప కూలర్‌కు కొత్త రంగు

ఒంగోలు ఉక్కపోతలో కూలర్ పెడితే గది చిత్తడవుతుందే తప్ప ఒళ్లు చల్లబడదు. అదే కూలర్‌ను మార్కాపురంలో కిటికీకి ఆనించండి, దాని పనితనం తెలుస్తుంది. ఆ పడమటి వైపు ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత త్వరగా ఆవిరవుతుంది, పోతూపోతూ వేడిని పట్టుకుపోతుంది. గుమ్మాలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లిన రోజుల నుంచీ సూత్రం ఇదే. అందుకే ఇటు గిద్దలూరు దాకా పాత ఇనప కూలర్‌ను తూకానికి వేయడానికి మనసొప్పదు. మోటారు పోతే మోటారు, గడ్డి పోతే గడ్డి మార్చుకోవచ్చు. రేకు తుప్పు పట్టి చిల్లు పడితేనే చిక్కు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లగానే పని మొదలుపెట్టాలి. రంగు కొట్టడం గంట పని, అంతకుముందు గోకడం ఒక పూట పని. బోరు నీళ్లు వాడిన చోట రేకు మీద తెల్లగా సున్నపు పొర కడుతుంది. దాన్ని వెనిగర్‌తో నానబెట్టి రుద్ది, కడిగి, బాగా ఆరబెట్టాలి. తుప్పును ఇనప బ్రష్‌తో, ఆపైన ఉప్పు కాగితంతో తీసి, రెడ్ ఆక్సైడ్ పూయాలి. జింకు పూత ఇంకా మెరుస్తున్న చోట మాత్రం రెడ్ ఆక్సైడ్‌గానీ మామూలు ఎనామిల్‌గానీ నేరుగా పూస్తే నిలవదు. జింకుతో కలిసి అడుగున సబ్బులాంటి పొర ఏర్పడి, కొన్నాళ్లకు పెచ్చులుగా లేస్తుంది. అక్కడ జింకు రేకుకు పనికొచ్చే ప్రైమరే వేయాలి.

ప్రైమరు ఆరాక, రంగు స్ప్రే డబ్బాను బాగా ఊపి, జానెడు పైచిలుకు దూరంలో పట్టుకోవాలి. చెయ్యి ఆగకుండా సాగాలి, రేకు అంచు దాటాకే మీట వదలాలి. ఒకేసారి దట్టంగా కొడితే రంగు కారి చారలు కడుతుంది. పల్చగా రెండు మూడు పూతలు వేయడమే మేలు. మిట్టమధ్యాహ్నం వద్దు. మన ఎండకు రంగు రేకును తాకేలోపే ఆరి, గరుకుగా పొడిలా పడుతుంది. పొద్దున్నే, గాలి ఆడే ఆరుబయట, మూతికి మాస్కు కట్టుకుని కొట్టాలి. 1949లో అమెరికాలో ఎడ్వర్డ్ సీమోర్ ఈ డబ్బాను తయారుచేసింది ఇల్లు వెచ్చబరిచే రేడియేటర్ల రంగు చూపించడానికట! మనకు చల్లదనానికి పనికొస్తోంది. కిటికీ బయట ఎండకు నిలబడే పెట్టె కనుక తెలుపో లేత మీగడ రంగో మంచిది. ముదురు నీలం చూడ్డానికి బాగుంటుంది, కానీ వేడిని లాగుతుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఎర్తు స్క్రూ దగ్గర. రంగు కరెంటును పారనివ్వదు. ఆ స్క్రూ కింద రంగు పడితే ఎర్తు వైరు ఉండీ లేనట్టే. మోటారులో లీకైన కరెంటు పెట్టెలోనే నిలిచి, తడి చేత్తో ముట్టినవారి మీదకొస్తుంది. రంగుకు ముందే అక్కడ టేపు అంటించాలి. మరిచిపోతే రేకు మెరిసేదాకా గోకి వైరు బిగించాలి. ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి పరీక్ష చేయించాకే ప్లగ్గు పెట్టాలి. నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు తీసెయ్యాలి.

తొట్టి లోపలికి ఈ రంగు చాలదు. అక్కడ నల్ల తారు పెయింటు వేసి, వాసన పోయేదాకా ఆరనివ్వాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. అందుకని వారానికోసారి నీళ్లు పారబోయాలి. శుక్రవారం డ్రై డే నాడే ఆ పని పెట్టుకుంటే దోమల బెడదా తప్పుతుంది.